దిగని వృషణాన్ని దాచిపెట్టవద్దు: ఏడాదిన్నర లోపే ఆపరేషన్ మేలు

కమ్మర్‌పల్లి: ఇంట్లో మగబిడ్డ పుడితే బరువెంత, రంగేమిటి, ఎవరి పోలిక అని అందరూ అడుగుతారు. వృషణాలు రెండూ సంచిలోకి దిగాయా లేదా అని చూసేవారు మాత్రం తక్కువ. కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేటప్పుడు తల్లి చేతికి ఆ తేడా తెలుస్తుంది. తెలిసినా పైకి చెప్పడానికి సిగ్గు. ధైర్యం చేసి పెద్దవాళ్లతో అంటే, పెద్దయితే అదే దిగుతుందిలే అని మాట తేల్చేస్తారు. అలా తేల్చేసిన మాట ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చాక, పెళ్లయి పిల్లలు పుట్టనప్పుడు మళ్లీ బయటికి వస్తోంది. అప్పటికి చేయగలిగింది కొద్దిగానే మిగులుతుంది.

వృషణం దిగకపోవడం మగపిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాల్లో చాలా తరచుగా కనిపించేది. నెలలు నిండి పుట్టిన ప్రతి వంద మంది మగపిల్లల్లో సుమారు ముగ్గురికి ఒక వృషణమో, రెండు వృషణాలో సంచిలో ఉండవు. నెలలు నిండక ముందే పుట్టిన వారిలో వందకు 30 మంది వరకు ఈ లోపం ఉంటుంది. వీరిలో చాలామందికి మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో తనంతట తానే దిగుతుంది. ఏడాది నిండేసరికి వందకు ఒకరికి మాత్రం లోపం మిగిలిపోతుంది. ఆ ఒక్కరికి ఆపరేషన్ తప్ప మరో దారి లేదని, అది కూడా ఆరు నెలలు నిండాక, ఏడాదిన్నర దాటకముందే చేయించాలని వైద్యులు చెబుతున్నారు.

కడుపులో పుట్టి కిందికి ప్రయాణం

పల్లెల్లో బీజాలు అని పిలిచే వృషణాలు మొదట తయారయ్యేది సంచిలో కాదు. తల్లి గర్భంలో ఉండగా శిశువు కడుపు లోపల, మూత్రపిండాలకు దగ్గరలో ఇవి ఏర్పడతాయి. ఆ తర్వాత మెల్లగా కిందికి జారుతూ ఏడో నెల ప్రాంతంలో గజ్జలోని సన్నని దారిలోకి ప్రవేశిస్తాయి. తొమ్మిదో నెల వచ్చేసరికి సంచిలో కుదురుకుంటాయి. నెలలు నిండక పుట్టిన పిల్లల్లో ఈ లోపం ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. ప్రయాణం సగంలో ఉండగానే బిడ్డ పుట్టేశాడన్నమాట.

వృషణాన్ని కిందికి నడిపించే తాడువంటి కండను ఇంగ్లండులో పనిచేసిన శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1762లో వివరించాడు. పడవను దారి తప్పకుండా నడిపే చుక్కాని అనే అర్థం వచ్చే లాటిన్ పేరు దానికి పెట్టాడు. ఆ కండ బలం, శిశువు ఒంట్లో తయారయ్యే మగ హార్మోన్లు, కడుపులోని ఒత్తిడి కలిసి వృషణాన్ని దింపుతాయి. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా ప్రయాణం మధ్యలో ఆగుతుంది. ఎక్కువ మందిలో అది గజ్జలోనే నిలిచిపోతుంది. కొందరిలో కడుపులోనే ఉండిపోతుంది. దారి తప్పి తొడ మొదటికో, మలద్వారం ముందు భాగానికో చేరడం కూడా అరుదుగా జరుగుతుంది.

గర్భిణిగా ఉన్నప్పుడు గ్రహణం చూసినందుకో, ఏదో తిన్నందుకో బిడ్డకు ఇలా అయిందని తల్లిని నిందించడం కొన్ని ఇళ్లలో జరుగుతోంది. దీనికి గ్రహణంతో గాని, తల్లి తిండితో గాని ఏ సంబంధమూ లేదు. తండ్రికో అన్నకో ఈ లోపం ఉన్న ఇళ్లలో, నెలలు నిండక లేదా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో కొంత ఎక్కువగా కనిపిస్తుంది. చాలామంది విషయంలో ఫలానా కారణమని వేలు పెట్టి చూపలేము.

విత్తనపు పసుపుకు నీడ ఎందుకు?

వృషణాలు ఒంటి లోపల కాకుండా బయట సంచిలో ఎందుకు ఉండాలి అనే ప్రశ్నకు పసుపు రైతుకు జవాబు తేలిగ్గా అర్థమవుతుంది. పసుపు తవ్వాక అమ్మకానికి ఉంచిన కొమ్ములను ఉడకబెట్టి ఎండలో ఆరబోస్తారు. విత్తనానికి ఉంచిన దుంపలను మాత్రం ఎండలో పెట్టరు. నీడన కుప్పపోసి, పైన ఆకు కప్పి, గాలి తగిలేలా దాస్తారు. వేడి ఎక్కితే మొలక దెబ్బతింటుందని రైతుకు తెలుసు.

వృషణం సంగతి కూడా అంతే. వీర్యకణాలు తయారు కావడానికి ఒంటి వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ వేడి కావాలి. అందుకే ప్రకృతి దానికి బయట సంచి అమర్చింది. చలివేస్తే సంచి ముడుచుకుని వృషణాన్ని ఒంటికి దగ్గరగా తెస్తుంది. ఉక్కపోస్తే వదులై కిందికి దించుతుంది. కడుపులోనో గజ్జలోనో ఉండిపోయిన వృషణం పగలూ రాత్రీ ఒంటి వేడిలోనే ఉంటుంది. ఆరు నెలలు దాటినప్పటి నుంచి అందులోని బీజకణాల ఎదుగుదల కుంటుపడుతుంది. ఏడాది దాటాక వాటి సంఖ్య తగ్గుతూ వస్తుంది. పైకి బిడ్డ బొద్దుగా, హుషారుగానే ఉంటాడు. నొప్పి ఉండదు, జ్వరం రాదు. లోపల మాత్రం నష్టం జరిగిపోతూ ఉంటుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవడం ఈ లోపం విషయంలో జరిగే పెద్ద పొరపాటు.

టీకాల రోజే చూడవచ్చు

ఈ లోపాన్ని కనిపెట్టడానికి యంత్రాలు అక్కరలేదు. చేత్తో తడిమి చూస్తే చాలు. బిడ్డకు గోరువెచ్చని నీళ్లు పోసిన తర్వాత, ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడు చూడాలి. చల్లని చేతులతో తాకితే వృషణం పైకి లాక్కుంటుంది. సంచి రెండు వైపులా సమానంగా, ముడతలు పడి ఉందా, ఒకవైపు చదునుగా ఖాళీగా ఉందా అని గమనించాలి. రెండు వైపులా చిన్న గింజలాంటిది చేతికి తగలాలి.

కాన్పు ఆస్పత్రిలో జరిగితే బిడ్డ పుట్టిన 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూస్తుంది. ఆ తర్వాత నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు, తొమ్మిది నెలలకు టీకాలు ఉంటాయి. ప్రతి టీకాకు పిల్లవాణ్ణి తీసుకువెళ్లినప్పుడు ఏఎన్‌ఎంను గాని, డాక్టరును గాని ఈ ఒక్క సంగతి చూడమని అడిగితే సరిపోతుంది. మూడున్నర నెలల టీకా నాటికి కూడా దిగకపోతే గుర్తు పెట్టుకోవాలి. ఆరు నెలలు నిండేసరికి పెద్ద డాక్టరుకు చూపాలి. తొమ్మిది నెలలకు వేసే మీజిల్స్-రుబెల్లా టీకా నాటికి ఆపరేషన్ ఎక్కడ, ఎప్పుడు అన్నది తేలిపోయి ఉండాలి.

ఆరు నెలల తర్వాత తనంతట తాను దిగడం చాలా అరుదు. అమెరికాలోని మూత్రకోశ వ్యాధుల వైద్యుల సంఘం 2014లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, ఆరు నెలలకు దిగకపోతే నిపుణుడి వద్దకు పంపాలని, ఆ తర్వాత ఏడాది లోపల ఆపరేషన్ చేయాలని చెప్పింది. అంటే బిడ్డకు ఏడాదిన్నర నిండే లోపు. నెలలు నిండక పుట్టిన పిల్లలకు ఈ ఆరు నెలలను పుట్టిన రోజు నుంచి కాక, కాన్పుకు డాక్టరు చెప్పిన తేదీ నుంచి లెక్క కట్టాలి.

అంగన్‌వాడీలకు, పాఠశాలలకు వచ్చే బాల ఆరోగ్య బృందాలకు కూడా ఈ విషయం చెప్పవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఒకసారి పరీక్షిస్తాయి. అయితే బడి పిల్లవాడు అందరి ముందు లాగు విప్పడు. బృందం వచ్చినప్పుడు తల్లో తండ్రో వెంట ఉండి, పక్కకు తీసుకువెళ్లి చూపించాలి.

దోబూచులాడే వృషణం వేరు

కొందరు పిల్లల్లో వృషణం ఒకసారి సంచిలో కనిపిస్తుంది, మరోసారి కనిపించదు. చలికో భయానికో గజ్జలోకి ఎగబాకి, వెచ్చగా పడుకున్నప్పుడు మళ్లీ దిగుతుంది. డాక్టరు చేత్తో మెల్లగా కిందికి తెస్తే కాసేపు అక్కడే ఉంటుంది. ఇది దిగని వృషణం కాదు. దీనికి ఆపరేషన్ అక్కరలేదు. వయసు వచ్చేసరికి ఎక్కువ మందిలో సంచిలోనే స్థిరపడుతుంది. అలాగని మరచిపోరాదు. వీరిలో కొందరికి పిల్లవాడు ఎత్తు పెరిగే కొద్దీ వృషణం పైనే నిలిచిపోయే అవకాశం ఉంది. కాబట్టి ఏడాదికి ఒకసారి డాక్టరుకు చూపుతూ ఉండాలి. పుట్టినప్పుడు రెండూ ఉన్నాయి, ఇప్పుడు ఒకటే ఉంది అని బడి ఈడు పిల్లల తల్లులు చెప్పడం ఇందుకే. అది తల్లి భ్రమ అని కొట్టిపారేయరాదు.

ఆరు నెలలు ఆగకూడని పిల్లలు

పుట్టినప్పుడే రెండు వృషణాలూ చేతికి తగలకపోతే ఆరు నెలల మాట పక్కన పెట్టి వెంటనే పెద్దాస్పత్రికి తీసుకువెళ్లాలి. మూత్రం పోసే రంధ్రం చివరన కాకుండా కింది భాగంలో ఉన్నా ఇదే పని చేయాలి. మూత్రపిండాల పైన ఉండే గ్రంథుల లోపం వల్ల ఆడబిడ్డే మగబిడ్డలా కనిపించే సందర్భాలు అరుదుగా ఉంటాయి. వీరిలో కొందరికి పుట్టిన కొద్ది వారాలకే ఒంట్లో ఉప్పు తగ్గిపోయి, వాంతులతో ప్రాణం మీదికి వస్తుంది. రక్త పరీక్షతో ఈ సంగతి తెలుస్తుంది, మందులతో బిడ్డ బతుకుతుంది.

గజ్జలో ఉబ్బు వచ్చి గట్టిపడి, బిడ్డ ఆపకుండా ఏడుస్తూ వాంతులు చేసుకుంటే అది పేగు ఇరుక్కున్నట్టు కావచ్చు. సంచి ఖాళీగా ఉన్న పిల్లవాడికి గజ్జలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే లోపలి వృషణం మెలిపడినట్టు కావచ్చు. మెలిపడిన వృషణాన్ని ఆరు గంటల లోపల సరిచేస్తే దక్కే ఆశ ఎక్కువ. ఈ రెండు సందర్భాల్లో తెల్లారనిద్దాం అనుకోరాదు.

ఆపరేషన్ ఎలా చేస్తారు?

దిగని వృషణాన్ని సంచిలోకి దింపి కుట్టే ఆపరేషన్‌ను స్కాట్లండులోని ఎడింబరోలో థామస్ అన్నండేల్ అనే శస్త్రవైద్యుడు 1877లో మొదట విజయవంతంగా చేశాడు. అమెరికాలోని షికాగోకు చెందిన బెవాన్ 1899లో ఆ పద్ధతిని మరింత మెరుగుపరిచాడు. నేడు చేస్తున్న ఆపరేషన్ కూడా మూలంలో అదే.

బిడ్డకు పూర్తిగా మత్తు ఇస్తారు. గజ్జ దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల మేర కోస్తారు. లోపల ఆగిన వృషణాన్ని, దానికి రక్తం తెచ్చే సన్నని నాళాలను చుట్టూ ఉన్న కండ నుంచి జాగ్రత్తగా విడదీస్తారు. చాలామంది పిల్లల్లో వృషణంతో పాటు కడుపు పొర సంచిలాగా కిందికి జారి ఉంటుంది. దాన్ని వేరుచేసి కట్టేస్తారు. దీంతో గిలక వచ్చే ప్రమాదం కూడా తొలగుతుంది. నాళాలకు తగినంత పొడవు దొరికాక వృషణాన్ని సంచిలోకి దింపుతారు. సంచి చర్మం కింద చిన్న జేబులాగా చేసి అందులో కూర్చోబెడతారు. మళ్లీ పైకి పోకుండా ఇది ఆపుతుంది. మొత్తం మీద సుమారు గంట పని. కుట్లు వాటంతట అవే కరిగిపోయే దారంతో వేస్తారు. ఎక్కువ మంది పిల్లలు అదే రోజు లేదా మరునాడు ఇంటికి వెళతారు.

ప్రతి వందలో సుమారు 80 మందికి వృషణం చేతికి తగులుతుంది. వీరికి ఈ ఆపరేషన్ సరిపోతుంది. నూటికి 95 మందికి పైగా వృషణం సంచిలో నిలుస్తుంది. మిగిలిన 20 మందికి అది చేతికి అందదు. అది కడుపులో ఉండవచ్చు, లేదా గర్భంలో ఉన్నప్పుడే మెలిపడి ఎండిపోయి ఉండవచ్చు. స్కానింగులో కనిపించనంత మాత్రాన లేదని చెప్పలేము. అందుకని స్కానింగు కోసం నెలల తరబడి తిరగడం వల్ల ప్రయోజనం లేదు. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టంతో కడుపులోకి చూసే పద్ధతి వీరికి వాడతారు. ఈ లోపానికి ఈ పద్ధతిని 1976లో మొదటిసారి వాడారు. వృషణం మరీ పైన ఉండి నాళాల పొడవు చాలకపోతే, ఆరు నెలల ఎడంతో రెండు విడతలుగా ఆపరేషన్ చేస్తారు. మొదటి విడత కాగానే అంతా అయిపోయిందని రెండో విడత మానేస్తే పని సగంలో ఆగినట్టే.

ఇది కోత లేని వైద్యం కాదు కనుక కొన్ని ఇబ్బందులు ఉండవచ్చు. సంచి వాయడం, రక్తం గడ్డకట్టడం, చీము పట్టడం కొందరిలో జరుగుతుంది. నూటికి కొద్దిమందికి రక్తం సరిగా అందక వృషణం చిన్నదైపోతుంది. అరుదుగా మళ్లీ పైకి ఎక్కితే ఇంకోసారి ఆపరేషన్ చేయవలసి వస్తుంది. ఇవన్నీ డాక్టరును ముందే అడిగి తెలుసుకోవచ్చు. అడగడం తప్పు కాదు.

హార్మోన్ ఇంజక్షన్లతో దిగుతుందని ఒకప్పుడు వాడేవారు. ఫలితం తక్కువగా ఉండటంతో నేడు వాటిని సిఫారసు చేయడం లేదు. నూనె రాసి కిందికి మర్దన చేయడం, పసర్లు పూయడం వల్ల దిగదు. లేత వృషణానికి దెబ్బ తగిలే ప్రమాదం మాత్రం ఉంది.

చేయించకపోతే ఏమవుతుంది?

మొదటి నష్టం సంతానానికి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, చిన్నప్పుడు ఈ ఆపరేషన్ చేయించుకున్న మగవారిని పెద్దయ్యాక పరిశీలించారు. ఒకవైపే లోపం ఉన్న వారిలో పిల్లల కోసం ప్రయత్నించిన వారు నూటికి సుమారు 90 మంది తండ్రులయ్యారు. ఏ లోపమూ లేని వారిలో ఇది 93. రెండు వైపులా లోపం ఉన్న వారిలో 65 మందే తండ్రులయ్యారు. ఇది ఆపరేషన్ జరిగిన వారి లెక్క. రెండు వైపులా లోపం ఉండి, ఆపరేషన్ లేకుండానే పెద్దయిన వారికి సంతానం కలగడం బహు కష్టం.

రెండోది క్యాన్సర్ భయం. దిగని వృషణానికి క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ. స్వీడన్‌లో ఈ ఆపరేషన్ చేయించుకున్న 16,983 మందిని గమనించిన వైద్య పరిశోధకులు 2007లో వివరాలు ప్రకటించారు. పదమూడేళ్ల లోపు ఆపరేషన్ అయిన వారిలో ఈ ముప్పు మామూలు జనం కంటే రెండింతలకు కాస్త ఎక్కువగా ఉంది. పదమూడేళ్లు దాటాక చేయించుకున్న వారిలో అయిదింతలకు మించింది. అయితే ఇది భయపడవలసిన సంఖ్య కాదు. అంతమందిలో క్యాన్సర్ వచ్చింది 56 మందికే. ఆపరేషన్ వల్ల మరో మేలు కూడా ఉంది. వృషణం సంచిలో ఉంటే గడ్డ లేచినప్పుడు చేతికి తెలుస్తుంది, వెంటనే వైద్యం అందుతుంది. కడుపులో ఉంటే ముదిరే దాకా తెలియదు. అందువల్ల ఆపరేషన్ అయిన పిల్లలు వయసు వచ్చాక నెలకోసారి తమను తాము తడిమి చూసుకోవడం నేర్చుకోవాలి. ఆ మాట చెప్పవలసింది తండ్రే.

గిలక రావడం, వృషణం మెలిపడటం మిగిలిన ప్రమాదాలు. సైన్యంలో చేరాలనుకునే యువకులకు వైద్య పరీక్షలో ఈ లోపం అడ్డు కావచ్చు.

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

ఆపరేషన్‌కు తగిన వయసు ఏడాది అయితే, మన దేశంలో చాలామంది పిల్లలు అంతకంటే బాగా ఆలస్యంగా ఆస్పత్రికి చేరుతున్నారు. ఆలస్యానికి కారణాలు కమ్మర్‌పల్లి, చౌట్‌పల్లి, హాసాకొత్తూర్, ఉప్లూర్ వంటి పల్లెల బతుకుల్లోనే కనిపిస్తాయి.

ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్ల నుంచి మగవారు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. బిడ్డకు ఆపరేషన్ అంటే తండ్రి వచ్చాకే అంటారు. ఆయన సెలవు మీద రావడానికి రెండేళ్లు పట్టవచ్చు. ఆపరేషన్‌కు తగిన సమయం ఆ రెండేళ్లలోనే దాటిపోతుంది. బీడీలు చుడుతూ ఇల్లు నెట్టుకొచ్చే తల్లి ఒంటరిగా పట్నం ఆస్పత్రికి వెళ్లడానికి వెనకాడుతుంది. ఫోనులో మాట్లాడి తండ్రి సమ్మతి తెలుసుకుని, తాతో మేనమామో వెంట వెళ్లి పని పూర్తిచేసుకోవడం మేలు.

పసుపు తవ్వకాలు కానీ, ఉడకబెట్టడం కానీ అనే మాట మరో కారణం. జనవరి నుంచి మార్చి దాకా తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, ఆపై మార్కెట్. అది ముగిసేసరికి మళ్లీ విత్తే కాలం దగ్గరపడుతుంది. పసుపు ధర ఈ ఏడు లేకపోతే వచ్చే ఏడు రావచ్చు. బిడ్డ ఏడాది వయసు మళ్లీ రాదు.

ఇంత చిన్న బిడ్డకు మత్తా అనే భయం మరొకటి. శిక్షణ పొందిన మత్తు డాక్టర్ల చేతుల్లో ఆరు నెలలు దాటిన ఆరోగ్యవంతమైన బిడ్డకు మత్తు ఇవ్వడం రోజూ జరిగే పని. పైగా పసివయసులో చేస్తే గాయం తొందరగా మానుతుంది, బిడ్డకు జ్ఞాపకం కూడా ఉండదు.

అన్నింటికంటే పెద్ద అడ్డంకి సిగ్గు. పదిమందికి తెలిస్తే రేపు పిల్లవాడికి సంబంధం రాదని దాస్తారు. దాచినందువల్ల పెళ్లి జరుగుతుంది, ఆ తర్వాత పిల్లలు పుట్టరు. నింద ముందు కోడలి మీద పడుతుంది. గుళ్లూ ఆస్పత్రులూ తిరిగేది, మందులు మింగేది ఆమె. ఏళ్లు గడిచాక గాని భర్తను పరీక్షించరు. ఏడాది వయసులో ఒక తల్లి పడిన సిగ్గుకు ఇరవై అయిదేళ్ల తర్వాత మరో ఇంటి ఆడపిల్ల బలి కావడం న్యాయం కాదు.

ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, ఆర్మూర్ ప్రభుత్వ ఆస్పత్రిలో గాని డాక్టరుకు చూపి చీటీ రాయించుకోవాలి. నిజామాబాద్‌లో 2013లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా జనరల్ ఆస్పత్రి ఉంది. అక్కడ పిల్లల డాక్టర్లు పరీక్షించి తదుపరి దారి చెబుతారు. ఏడాది లోపు బిడ్డకు కోత అవసరమైనప్పుడు శిశు శస్త్రచికిత్స నిపుణుడి చేతిలో పెట్టడం మంచిది. హైదరాబాద్‌లో 1953 నుంచి పనిచేస్తున్న నీలోఫర్ ఆస్పత్రిలో పిల్లల ఆపరేషన్లకు ప్రత్యేక విభాగం ఉంది. తన దాసి కాన్పులో చనిపోయిందన్న దుఃఖంతో నిజాం కోడలు నీలోఫర్ పట్టుబట్టి పెట్టించిన ఆస్పత్రి అది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం చికిత్సల పట్టికలో పిల్లల శస్త్రచికిత్సల కింద దిగని వృషణం కూడా ఉంది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ పథకం పరిమితిని కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచింది. పథకం వర్తించే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు. బిడ్డకు ఉన్న లోపానికి, అంటే ఒకవైపా రెండు వైపులా అన్నదానికి, అక్కడ పథకం వర్తిస్తుందా అని ముందే అడిగి తెలుసుకుని చేరాలి. రేషన్ కార్డు, ఆధార్, బిడ్డ పుట్టిన తేదీ పత్రం, టీకాల కార్డు, పాత చీటీలు వెంట ఉండాలి.

కుట్ల మీద పసుపు పూయరాదు

ఆపరేషన్ రోజు ఎన్ని గంటల ముందు నుంచి బిడ్డకు ఏమీ పెట్టరాదో ఆస్పత్రి వారు చెబుతారు. తల్లిపాలు నాలుగు గంటల ముందు, ఇతర పాలు ఆరు గంటల ముందు ఆపడం మామూలు పద్ధతి. బిడ్డ ఏడుస్తున్నాడని దొంగచాటుగా పాలు పట్టరాదు. మత్తులో అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం.

ఇంటికి వచ్చాక రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది. డాక్టరు రాసిన మందు, రాసిన మోతాదులోనే ఇవ్వాలి. సంచి కొంచెం వాచి నల్లబడటం మామూలే. నీళ్లు ఎప్పటి నుంచి పోయవచ్చో అడిగి తెలుసుకోవాలి. పసుపు పండించే ఊరు కదా అని కుట్ల మీద పసుపు అద్దడం, బూడిద చల్లడం చేయరాదు. రెండు మూడు వారాలు బిడ్డను సంకన కాళ్లు చాపి కూర్చోబెట్టుకోకుండా, రెండు చేతుల మీద ఎత్తుకోవాలి. మూడు చక్రాల సైకిలు, కొయ్య గుర్రం వంటివి ఎక్కించరాదు. కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా, వాపు పెరిగినా వెంటనే తీసుకువెళ్లాలి.

గాయం మానగానే పని అయిపోలేదు. కొన్ని నెలలకు, ఏడాదికి మళ్లీ చూపించి వృషణం సంచిలోనే ఉందా, సమంగా పెరుగుతోందా తెలుసుకోవాలి. ఆపరేషన్ కాగితాలు పారేయకుండా పిల్లవాడి పేర దాచి ఉంచాలి. పెద్దయ్యాక డాక్టరు అడిగే మొదటి మాట, ఏ వయసులో చేశారు అన్నదే.

ఇప్పటికే వయసు దాటితే?

మూడేళ్లో, ఏడేళ్లో, పన్నెండేళ్లో వచ్చిన పిల్లవాడి తల్లిదండ్రులు ఇది చదివి ఇక లాభం లేదని నిరాశపడరాదు. పదమూడేళ్ల లోపు చేయించినా క్యాన్సర్ ముప్పు తగ్గుతుందని స్వీడన్ లెక్కలే చెబుతున్నాయి. ఎంత ముందు చేయిస్తే అంత మేలు, అంతే. యుక్తవయసు దాటిన వారికి వృషణాన్ని దింపడమా, తీసివేయడమా అన్నది డాక్టరు పరీక్షించి నిర్ణయిస్తారు. ఒకవైపు వృషణం సరిగా ఉంటే మగతనానికి, దాంపత్యానికి లోటు ఉండదు. సంతానానికి కూడా అవకాశం బాగానే ఉంటుంది.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి

* పుట్టిన వెంటనే, ఆ తర్వాత ప్రతి టీకాకు, వృషణాలు రెండూ దిగాయా లేదా చూడాలి.

* రెండూ చేతికి తగలకపోతే, మూత్ర రంధ్రం చోటు తప్పి ఉంటే ఒక్క రోజు కూడా ఆగరాదు.

* ఒకటి దిగకపోతే ఆరు నెలల దాకా చూసి, ఆరు నెలలు నిండగానే డాక్టరుకు చూపాలి.

* ఏడాదిన్నర లోపు ఆపరేషన్ పూర్తి కావాలి. తండ్రి సెలవు కోసం, పంట డబ్బు కోసం వాయిదా వేయరాదు.

* మర్దన, పసరు, ఇంజక్షన్లతో దిగుతుందని చెప్పేవారిని నమ్మరాదు.

* గజ్జలో ఉబ్బు, హఠాత్తుగా నొప్పి, వాంతులు ఉంటే ఏ వేళ అయినా ఆస్పత్రికి తరలించాలి.

* ఆపరేషన్ అయిన పిల్లవాడికి, వయసు వచ్చాక ఆ సంగతి చెప్పాలి.